ఈశాన్య మూలకు దింపిన ఉపగ్రహం

పాఠక మహాశయులారా, ముందుగానే మనవి చేస్తున్నాను: ఇందులో ఒక మహావిపత్తు సంభవించబోతున్నది. వరద లేదు, పిడుగు లేదు. దానికి కారణం కేవలం నా కుడిచేతి చూపుడువేలు.

నాలుగేళ్ల కిందటి మాట. నాకప్పుడు అరవై రెండేళ్లు. అంటే లోకజ్ఞానం ఇంకా మొలకెత్తని పసితనం. ఎల్లారెడ్డిలో తెలుగు పంతులుగా పదవీ విరమణ చేసి, దిద్దడానికి పరీక్షపత్రాలు కరువై, దుకాణాల బోర్డులలోని అక్షరదోషాలు లెక్కబెట్టుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. అట్టి నా ముంగిట ఒకనాడు నా పూర్వశిష్యురాలు శ్రావణి ప్రత్యక్షమైంది. హైదరాబాదులో పరిశోధన చేస్తున్నదట. గోదావరిలోకి నీరు పారే యావత్ ప్రాంతంలో నీటి నిల్వ ఎంతగా పెరిగిందో, తరిగిందో ఉపగ్రహాలతో తూచడం ఆమె పని.

"తూచడమా? నీటినా? ఆకాశం నుంచా?"

"అవును సార్. రెండు ఉపగ్రహాలు ఒకదాని ఎనుక ఒకటి తిరుగుతుంటయి. కింద నీళ్లు ఎక్కువున్న కాడ భూమి జర ఎక్కువ గుంజుతది. ముందుది ముందుగాల గుంజుకపోతది, రెండింటి నడుమ దూరం మారుతది. వెంట్రుక మందం కన్న తక్కువ తేడా అయినా పట్టేస్తం. ఆ లెక్కతోని వాన ఎంత, ఆవిరైంది ఎంత, నేలల ఇంకింది ఎంత అని కంప్యూటర్ల ఒక నమూనా కడతం."

నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నేల గర్భంలో నీరు చేరితే నింగిలోని యంత్రం తూలుతుందట! జీవితమంతా పిల్లలకు అతిశయోక్తి అలంకారం బోధించినవాణ్ణి. తీరా చూస్తే ఇది స్వభావోక్తి! ఆ పూట అన్నం సహించలేదు. ఆకలి లేక కాదు, ఆనందంతో నమలడం మరచిపోయాను.

రైతులకోసం తేట తెలుగులో ఒక చిన్న పుస్తకం రాయమని కోరి, శ్రావణి ఒక రంగుల పటం ఇచ్చి వెళ్లింది. పటమంతా గళ్లు. ఎరుపు గడి అంటే ఏటా ఉండేదానికన్న నీరు తక్కువ. నీలపు గడి అంటే ఎక్కువ. మన ప్రాంతం మీద నెమలికంఠం వంటి నీలం! "దీని సంగతి నేను మళ్లొచ్చి పూర్తిగా చెప్తా సార్, అప్పటిదాక ఎవరికీ చూపకండి" అన్నది. ఆమె ఎక్కిన బస్సు ఊరు దాటేలోపే ఆ పటాన్ని పదకొండుగురికి చూపించాను.

పన్నెండవది రాజవ్వ. నాగిరెడ్డిపేట దగ్గర కాలువ నీరందని రెండెకరాల చెలక ఆమెది. పాత బోరు మట్టి పూడి నోరెండిపోయింది. యాసంగి నారు పోసుకొని, బోరుబండికి కబురుపెట్టింది.

"సారూ, ఒక్క బోరుకే నా తాకత్. గిది పడకుంటే నారు ఎండిపోతది, నేను కూలికి పోవుడే. నీళ్ల జాగ చెప్పే మల్లయ్య వచ్చి కొబ్బరికాయతోని చూస్తనంటున్నడు."

"కొబ్బరికాయా!" అని నేను గర్జించాను. "అవ్వా, అంతరిక్షమే నీ చెలకలోకి తొంగిచూస్తుండగా టెంకాయను ఆశ్రయించెదవా? నేను నిర్ణయించి చెప్పెదను!"

నా శాస్త్రీయ పద్ధతిని ఆలకించండి. ఆ నీలపు గడికి స్కేలు పెట్టి ఇటొక గీత, అటొక గీత మూల నుంచి మూలకు గీశాను. గీతలు కలిసినచోటు నాగిరెడ్డిపేట పరిసరాలలో పడింది. అంతవరకు ఉపగ్రహం పని. ఆ తరువాత మిగిలిన కొద్దిపాటి సందేహాన్ని వాస్తుశాస్త్రంతో సవరించి, జలస్థానం ఈశాన్యమే గనుక రాజవ్వ చెలకలో ఈశాన్య మూల అని తేల్చాను. ఇంతటి సమన్వయం ఇంతకుముందు ఎవరికీ తోచలేదంటే, వారి అదృష్టమే.

మరునాడు పొద్దున్నే షేరాటోలో వెళ్లి, ఆ మూలన జెండా పాతినట్లు నా గొడుగు పాతాను. పడమటి దిక్కున మల్లయ్య అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడుస్తూ ఒకచోట ఆగాడు. కాయ నిటారుగా లేచి నిలబడ్డది.

"గిక్కడున్నది గంగ!" అన్నాడు.

"అక్కడ లేదు! ఉపగ్రహం సాక్షిగా ఇక్కడ!"

"నీ ఉపగ్రహం మొగులు మీదున్నది పంతులూ. నా కాయ చేతుల ఉన్నది."

బోరుబండి డ్రైవరు విసుక్కున్నాడు. "అన్నా, బండి యాడ ఆపాలె? మీ పంచాయితీ ఒడిసేసరికి డీజిల్ ఒడుస్తది!"

రాజవ్వ మా ఇద్దరి ముఖాలు చూసి, గట్టిగా ఊపిరి పీల్చి, "సదువుకున్న సారు మాట" అని నా గొడుగు వైపు నడిచింది. బండి కదిలింది. సరిగ్గా అప్పుడే, ఊళ్లోని బావుల లోతు కొలవడానికి పెద్ద టేపు భుజాన వేసుకొని వస్తున్న శ్రావణి మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చింది. నేను సగర్వంగా పటం విప్పి, గీతలు కలిసినచోట వేలు పెట్టాను.

ఆ పిల్ల నా వేలు పక్కకు నెట్టింది. "సార్! ఆ గడి మొత్తానికి ఒకటే అంకె. కామారెడ్డి జిల్లా అంత మునుగుతది దాంట్ల! ఇటు మెదక్, అటు మద్నూర్ దాటి మహారాష్ట్ర. నడుమ అని ఏం లేదు!"

మల్లయ్య నిమ్మళంగా కొబ్బరికాయ నిమురుకుంటూ, "అంటే పంతులూ, నీ గడిల నా జాగ గూడ ఉన్నట్టే" అన్నాడు.

బోరుబండి మనుషులు పకపకా నవ్వారు. రాజవ్వ నవ్వలేదు. "మరి నా నారు?" అన్నది. ఆ రెండు మాటలకు నా పాండిత్యం చెప్పులు వదిలి పారిపోయింది.

శ్రావణి ఆమె పక్కన నిలబడి, "అవ్వా, ఈ ఏడు గడి మొత్తం మీద నీళ్లు పెరిగినయి, అది నిజమే. కాని ఏ జాగల ఎంతనో కింద చూడాలె. నీకు పాత బావి ఏమన్న ఉన్నదా?" అని అడిగింది.

"ఎండిపోయిందని ముండ్లకంప కప్పి ఏడేండ్లాయె బిడ్డా."

అందరం కలిసి కంప లాగాము. నేనూ లాగాను; ముళ్లు నన్ను ప్రత్యేకాభిమానంతో పలకరించాయి. శ్రావణి టేపు దింపబోయి ఆగిపోయింది. దింపనక్కరలేదు! నాలుగు మెట్ల కింద ఆకాశం తళతళలాడుతున్నది. రాజవ్వ వంగి, దోసిలితో నీళ్లెత్తుకొని ముఖాన చల్లుకొని, కూర్చుని, పెద్దగా నవ్వింది. బోరుబండి వెనుదిరిగింది. మధ్యాహ్నానికి ఎవరి మోటారో వచ్చింది.

నేను గొంతు సవరించుకొని, "చూశావా అవ్వా, ఉపగ్రహం అబద్ధమాడలేదు!" అంటూ మళ్లీ పటం విప్పబోయాను.

"అది ఆడలే సారూ, నువ్వే ఆడినవ్" అన్నది రాజవ్వ. "ఇగ ఆ ఏలు దీసి గీ పైపు పట్టు. మడిలకు నీళ్లు పారాలె."

పట్టాను. పంచె మోకాళ్లదాకా తడిసింది.

కావున సూర్యచంద్రుల సాక్షిగా, ఆ వెనుకనే తిరుగుతున్న ఉభయ ఉపగ్రహాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ పటం మీదా వేలు మోపను. మోపక తప్పకపోతే, ఆ వేలి కింద ఎన్ని జిల్లాలు నలుగుతున్నాయో శ్రావణిని అడిగి మరీ మోపుతాను.