నిసాని పక్కన నాకూ ఒక చాప

1996 మార్చిలో నాకు అరకు లోయకు ఎగువనున్న కొండల్లోని ఒక పశువుల ఆసుపత్రికి బదిలీ అయింది. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరు వింటే రోజూ కత్తి పట్టే ఉద్యోగమనిపిస్తుంది గాని, అందులో ముప్పాతిక వంతు నడకే. ఆసుపత్రిలో ముగ్గురం: నేను, కాంపౌండరు సత్యం, ఒక ఫ్రిజ్. సత్యం బొబ్బిలి దగ్గరి మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, కొండల్లోనే ఇరవై ఏళ్ళ సర్వీసు చేసినవాడు. ముగ్గురిలోనూ ఎక్కువ సెలవులు వాడుకున్నది ఫ్రిజ్. కరెంటు లేని రోజు దానికి డ్యూటీ ఉండేది కాదు.

ఈ సంగతి చెప్పాలంటే ముందు చిటుకు రోగం గురించి చెప్పాలి. తొలకరికి కొండలన్నీ పచ్చబడతాయి. ఎండాకాలమంతా ఆకులూ అలములూ నమిలిన మేక ఒక్కసారిగా లేత గడ్డిమీద పడుతుంది. దాని పేగుల్లో ఎప్పటినుంచో ఊరికే పడి ఉన్న ఒక సూక్ష్మజీవి ఆ తిండికి తెగ పెరిగిపోయి విషం కక్కుతుంది. పొద్దున గెంతులు వేసిన మేక మధ్యాహ్నానికి మెడ వెనక్కి వాల్చి పోతుంది. ఇందులో పెద్ద అన్యాయం ఏమిటంటే, బక్కవి బతుకుతాయి, బాగా మేసి పుష్టిగా ఉన్నవే ముందు పోతాయి. వైద్యం చేద్దామంటే వ్యవధి ఉండదు. తొలకరికి ముందే టీకా వెయ్యడమొక్కటే దారి.

ఆ ఏడు మే నెలలో కింది ఊళ్ళన్నిటికీ టీకాలు వేశాం. మిగిలింది కొండ కొమ్మున ఉన్న ఒక్క ఊరు. దాని పేరు రాయను. ఒక దేవత పరువుకు సంబంధించిన విషయం. టీకా మందు చల్లగా ఉండాలి, ఐసేమో ఎస్.కోట నుంచి బస్సులో రావాలి. ఆ రోజు సగం కొండ ఎక్కేసరికి డబ్బాలోని ఐసు నీళ్ళయిపోయింది. వేడెక్కిన మందు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. వెనక్కి దిగిపోయాం. ఇంతవరకు నా తప్పేమీ లేదు. మళ్ళీ ఐసు తెప్పించుకుని ఎక్కాల్సింది. కాని మర్నాడే నేను మా బావమరిది పెళ్ళికి విజయనగరం వెళ్ళాను. పెళ్ళి రెండు రోజులు, పనసపొట్టు కూర ఆరు రోజులు. నేను తిరిగి వచ్చేసరికి వాన నాకంటే ముందే వచ్చి కూర్చుంది. సరే, ఈ ఏటికి అయిపోయిందనుకుని ఊరుకున్నాను.

జూన్ చివర్లో ఆ ఊరినుంచి కబురు వచ్చింది. కిల్లో బుద్రి అనే ఆవిడకు పదమూడు మేకలుంటే మూడు రోజుల్లో పదకొండు పోయాయట. డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలట. వైద్యానికి పిలవడం నాకు తెలుసు, సాక్ష్యానికి పిలవడం అదే మొదలు. కేసు ఎవరిమీద అని అడిగాను. సత్యం గొడుగు వెతుక్కుంటూ, "నిసాని మీద బాబూ," అన్నాడు.

నిసాని ఆ ఊరి దేవత. ఊరి మధ్యన నాటిన మోకాలెత్తు రాయి. దారి పొడుగునా సత్యం నాకు అక్కడి పద్ధతి చెప్పాడు. దేవుడు చేసింది నచ్చకపోతే మనం లోలోపల నాలుగు తిట్టుకుని పైకి హారతి ఇస్తాం. వాళ్ళ దగ్గర ఆ నంగనాచి వేషాలు లేవు. దేవత తప్పు చేసిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఊరంతా కూర్చుని పంచాయితీ పెడతారు. రాయి ముందు చాప వేస్తారు. ఆకలిమీద ఉన్నవాళ్ళను నిలదీయకూడదు కనక ముందుగా సొరకాయ బుర్రలో రాగి అంబలి పోసి ముద్దాయి ముందు పెడతారు. నేరం రుజువైతే ఏడాదిపాటు దేవతకు కోడి బంద్. రుజువు కాకపోతే తప్పు ఫిర్యాదు చేసినవాళ్ళది.

ఫిర్యాదు చేసిన బుద్రికి ప్రమాదం అక్కడే ఉంది. ఊరి పూజారిని దిసారి అంటారు. అతడి పేరు దొన్ను. పంచాయితీ కూర్చోకముందే అతడు లెక్క తేల్చేశాడు. నిసాని మంచిది. మంచిది చెడు చెయ్యదు. కాబట్టి చెడు బుద్రిలోనే ఉంది. కాబట్టి మిగిలిన రెండు మేకల్నీ ఆవిడ దేవతకు బలి ఇచ్చుకోవాలి. ఆ రెండూ చూడి మేకలు, బక్కవి కనక బతికిపోయాయి. బుద్రికి భర్త లేడు. ఇద్దరు పిల్లలు, రాజ్మా, పసుపు వేసుకునే ముక్క నేల, ఈ మేకలు, అంతే. ఆ రెండూ పోతే మళ్ళీ మంద కట్టడం ఆవిడ వల్ల కాదు.

ముందు నా పని నేను చేశాను. పదకొండింటిలో చివరగా పోయిన మేకను కోసి చూస్తే గుండె చుట్టూ పచ్చటి నీరు ఉంది, పేగులు ఎర్రబడ్డాయి, కిడ్నీ పండిపోయిన సపోటాలా మెత్తబడి, నొక్కితే వేలు దిగిపోయింది. చిటుకు రోగమే, అనుమానం లేదు. కడుపు నిండా లేత గడ్డి. పాపం, సంతోషంగానే పోయింది.

మధ్యాహ్నం పంచాయితీ కూర్చుంది. తీర్పరి ఊరిపెద్ద సోంబ్రు, మాట తక్కువ మనిషి. దొన్ను దేవత తరఫున వాదించాడు. వానలు సకాలంలో కురిపించింది, గడ్డి మొలిపించింది, ఇంతకంటే మంచితనం ఏం కావాలన్నాడు. బుద్రి లేచి నిలబడింది.

"నానేటి తప్పు సేసినాను? పండక్కి కోడి పెట్టినాను. మొదటి పసుపు కొమ్ము ఆవిడికే పెట్టినాను. నా తప్పు సూసినోళ్ళు ఉంటే సెప్పండి. నేదంటే ఆవిడే సెప్పాల," అంది.

రాయి మాట్లాడలేదు. ఆ మౌనం కోపమని దొన్ను వాదించాడు. జవాబు లేకనే ఊరుకుందని బుద్రి వాదించింది.

ఆ ఊళ్ళో నాలుగు క్రైస్తవ కుటుంబాలుండేవి. వాళ్ళ కోసం వచ్చి వెళ్ళే పాస్టరు యోహాను కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడు. పైనున్న దేవుడి దగ్గర ఇలాంటి కేసుల్లో తీర్పు ఎలా ఉంటుందో కనుక్కుందామని అతణ్ణీ పిలిచారు. దేవుడు మంచివాళ్ళనే పరీక్షిస్తాడని అతడు ఉత్సాహంగా చాలాసేపు చెప్పాడు. సోంబ్రు శ్రద్ధగా విని, నీకెన్ని మేకలున్నాయని అడిగాడు. లేవన్నాడు. మేకలు లేనివాడి సాక్ష్యం ఈ కేసులో చెల్లదని పక్కన కూర్చోబెట్టారు. అతడేమీ నొచ్చుకోకుండా, వేయించిన సెనగలు నములుతూ చివరిదాకా విన్నాడు.

తర్వాత నా వంతు. రైతు శిక్షణ శిబిరాల్లో మాట్లాడినట్టే గొంతు సవరించుకుని రోగం పుట్టుక, లక్షణాలు వివరించాను. సోంబ్రు ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆ పురుగును మేక కడుపులో ఎవరు పెట్టారన్నాడు. అది ఎప్పుడూ ఉండేదేనన్నాను. ఎప్పుడూ ఉండేలా ఎవరు చేశారన్నాడు. వాన ఎవరిదన్నాడు. గడ్డి ఎవరిదన్నాడు. మేకకు అంత ఆకలి ఎవరిచ్చారన్నాడు. ప్రతి ప్రశ్నకూ జనమంతా రాయివైపే చూశారు. ఐదేళ్ళ వెటర్నరీ చదువులో ఏ పేపర్లోనూ ఈ ప్రశ్నలు రాలేదు. దొన్ను ముఖం మాడిపోయింది. వాన మంచిదే, గడ్డి మంచిదే, ఆకలీ మంచిదే. మూడు మంచి పనులు చేసి నిసాని పదకొండు మేకల్ని చంపిందని తేలుతోంది.

అప్పుడు బుద్రి, దీనికి మందు లేదా బాబూ అని అడిగింది. నోరు ఊరుకోదు కదా, లేకేం, ఉందన్నాను. తొలకరికి ముందు ఒక్క సూది వేస్తే చాలని, కింది ఊళ్ళలో అందుకే ఒక్క మేకా పోలేదని గర్వంగా చెప్పాను. చెప్పాక గాని ఏం చెప్పానో నాకు తెలియలేదు.

సోంబ్రు కంటితో సైగ చేశాడు. ఒక ముసలమ్మ నిసాని చాప పక్కనే ఇంకో చాప పరిచి నన్ను కూర్చోమంది. కొండెక్కి వచ్చాను గదా, మర్యాద చేస్తున్నారనుకున్నాను. సొరకాయ బుర్రలో అంబలి తెచ్చి ముందు పెట్టింది. చల్లగా, పుల్లగా బాగుంది. రెండు గుక్కలు తాగాను. సత్యం వంగి నా చెవిలో, "బాబూ, అది ముద్దాయికెట్టే అంబలి," అన్నాడు.

సొరకాయ బుర్ర కింద పెట్టేశాను. మందు ఉంటే మాకెందుకు వెయ్యలేదని సోంబ్రు అడిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఐసు మీదికి తోశాను. ఫ్రిజ్ కథ, కరెంటు కథ, ఎస్.కోట బస్సు కథ వరసగా చెప్పాను. వినే కొద్దీ దొన్ను ముఖం వెలిగింది. లేచి నిలబడ్డాడు.

"ఇనండి. నిసాని మంచిది కాబట్టే డాక్టర్ని పంపినాది. సగం కొండకాడ ఐసు కరిగిపోనాదంటే ఎవులి పాపం? ఈ బుద్రి పాపం కాదా?" అన్నాడు.

వాదన దిట్టంగా ఉంది. తలలు ఊగాయి. ఎవరో మేకలు కట్టిన గుంజవైపు నడిచారు కూడా. బుద్రి ఏడవలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ మేకలవైపు చూస్తూ నిలబడింది. నేను నోరు మూసుకుంటే ఆ రోజుకు బయటపడతాను, ఆవిడ పూర్తిగా మునుగుతుంది.

ఆగమన్నాను. ఐసు కరిగింది నిజమే గాని, మర్నాటి బస్సుకు మళ్ళీ ఐసు దొరికేదని, నేనే రాలేదని చెప్పాను. ఎందుకన్నాడు సోంబ్రు. పెళ్ళి అన్నాను. ఎన్ని రోజులన్నాడు. రెండన్నాను. మిగతా రోజులు ఏం చేశావన్నాడు. పనసపొట్టు కూర అని నిండు సభలో ఒప్పుకున్నాను. నీ దేముడెవరన్నాడు. సింహాచలం అప్పన్న అన్నాను.

"మరి ఆయన నీకు గేపకం సెయ్యలేదేటి?"

చేసే ఉంటాడని, నేను భోజనంలో ఉన్నానని చెప్పాను. సభంతా విరగబడి నవ్వింది. పాస్టరుకు సెనగలు పొలమారాయి. బుద్రి మాత్రం నవ్వలేదు, నేను చెప్పింది మళ్ళీ వెనక్కి తీసుకుంటానేమో అన్నట్టు నన్నే చూస్తోంది.

తీర్పుకు గంట పట్టింది. పురుగును పెట్టింది నిసాని, మందు ఉండీ తేనిది డాక్టరు, తప్పు చెరిసగం. బుద్రిది ఏ తప్పూ లేదు, మేకల జోలికి ఎవరూ పోకూడదు. నిసానికీ డాక్టరుకూ ఏడాదిపాటు కోడి బంద్. ఆ కొండల్లో డాక్టరు వస్తే నాటుకోడి వండి పెట్టడం ఆనవాయితీ, కనక శిక్ష చిన్నదేం కాదు. మాకంటే ఎక్కువ బాధపడ్డది దొన్ను. దేవతకు పెట్టిన కోడి చివరికి ఎవరి విస్తట్లోకి వెళ్తుందో తెలిసినవారికి అతడి దుఃఖం అర్థమవుతుంది.

నేను మా ఏడీ గారికి, అంటే నా పై అధికారి అసిస్టెంట్ డైరెక్టరుకు, జరిగింది జరిగినట్టు రిపోర్టు రాశాను. ఆయన పిలిపించి, నిర్లక్ష్యం అనే మాట ఎవరూ తమ గురించి రాసుకోరని, ప్రకృతి కారణాలని మార్చమని చెప్పారు. అలా మారిస్తే మొత్తం నేరం నిసాని మీద పడుతుందని, సగమే ఆవిడదని తీర్పు ఉందని చెప్పాను. ఆయన నన్ను కొన్నాళ్ళు సెలవు పెట్టమన్నారు. రిపోర్టు మార్చలేదు. నా సర్వీసు రిజిస్టరులో దాని తాలూకు మందలింపు ఇప్పటికీ ఉండాలి.

మరుసటి ఏడు మే మొదటి వారంలోనే రెండు డబ్బాల ఐసుతో ఆ కొండెక్కాం. బుద్రి రెండు మేకలు ఐదయ్యాయి. ప్రతిదాన్నీ తానే ఒడిసి పట్టుకుని, సూది లోపలికి దిగిందా లేదా అని వంగి చూసుకుంది. ఆ తొలకరికి ఊళ్ళో ఒక్క మేకా పోలేదు.

ఏడాది నిండాక, శిక్ష తీరిందని మళ్ళీ కోడికూరకు పిలిచారు. మొదటి వడ్డన నిసానికి, రెండోది నాకు. వడ్డించింది బుద్రి. నా విస్తట్లో ఒక ముక్క ఎక్కువ వేస్తే దొన్ను అభ్యంతరం చెప్పాడు, దేవతకంటే మనిషికి ఎక్కువ పెట్టకూడదని.

"ఇతగాడు ఒప్పుకున్నాడు. ఆవిడ ఇంకా ఒప్పుకోనేదు," అంది బుద్రి.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా సర్వీసు చేశాను. మంచి దేవత ఉన్నచోట చెడు ఎలా వచ్చిందో నాకు తెలియలేదు, శాఖ నుంచి ఆ విషయమై సర్క్యులరూ రాలేదు. నేర్చుకున్నది ఒకటే. ఎక్కడ పశువు పోయిందని విన్నా, దేవుడు ఏం చేస్తున్నాడని అడగబోయే ముందు, ఆ వారం నేనెక్కడున్నానో డైరీ తీసి చూసుకునేవాణ్ణి.