రోజుకొకటి, భోజనం చేశాక

మందుల షాపాయన ఏ మాత్రలిచ్చినా, ఎలా వేసుకోవాలో కవరు మీద గుండ్రటి అక్షరాలతో రాస్తేగాని చేతికివ్వడు. ఇంట్లో చేపల తొట్టి దగ్గరా అదే తీరు. వేలెడంత సిక్లిడ్ చేపల కోసం నీళ్ళు రెండు రోజులు బకెట్లో నిలవుంచి, మునివేళ్ళతో వేడి చూసి, గ్లాసుతో కొద్దికొద్దిగా పోస్తాడు. "నా స్నానానికి ఏనాడైనా ఇలా నీళ్ళు తోడిపెట్టారా?" అంటుంది భార్య.

రంగుచేపల కొట్టు నడిపే చిన్ననాటి స్నేహితుడు "నీకోసమే దాచాన్రా" అంటూ ఇచ్చిన కొత్త చేప మొదట్లో నిప్పుకణికలా ఉండేది. నెల తిరిగేసరికి ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా అయింది. ఆయన తన నీళ్ళనే అనుమానించి, బకెట్లు మార్చి, నిద్ర చెడగొట్టుకుని, చివరికి చేపని కవర్లో వేసుకుని కొట్టుకి వెళ్ళాడు. స్నేహితుడు దాన్ని వెలుతురులో పట్టి చూశాడు. "నీ నీళ్ళలోనే ఏదో తేడా ఉందిరా," అని భుజం తట్టి, ఎవరో పిలిస్తే బయటికెళ్ళాడు. తప్పు చేసినవాడిలా తలొంచుకున్న ఆయనకి బల్ల కింద చిన్న రోలు కనబడింది. అందులో చేపల మేతతో కలిపి సగం నూరిన మాత్రలు, పక్కనే వాటి కవరు. అవి హార్మోను మాత్రలు, చేపలకి నాలుగు రోజుల రంగు తెప్పించేవి. కవరు మీద గుండ్రటి అక్షరాలు: రోజుకొకటి, భోజనం చేశాక. స్నేహితుడి తండ్రికి నీరసమంటే, డాక్టరు చీటీ కూడా అడక్కుండా నెలనెలా తనిచ్చినవే. స్నేహితుడు తిరిగొచ్చాడు.

"నాన్నగారికెలా ఉంది?" ఎప్పటిలాగే అడిగాడు మందుల షాపాయన.

"నీ మాత్రల చలవేరా, లేచి తిరుగుతున్నారు."