నూట నలభై నాలుగో దుంగ, తేడాకు ఆరు ఇంగ్లీషు మాటలు

కింద రాసినదంతా అక్షరం పొల్లుపోని నిజమని నా సర్వీసు రిజిస్టరు మీద ఒట్టు వేసి మొదలుపెడుతున్నాను. అటవీ శాఖలో ఇరవై ఆరేళ్లు పనిచేసి, యాభై రెండో ఏట స్వచ్ఛందంగా విరమించుకున్న నాకు అంతకన్నా పవిత్రమైన గ్రంథం ఇంట్లో లేదు.

జిల్లాలు కొత్తగా విడిపోయాక, గోదావరి భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటిన ఒక ఏడాది ఆగస్టులో, నన్ను ఏటి ఒడ్డునున్న ఒక కలప డిపోకు స్టాకు తనిఖీకి పంపారు. నేను డివిజన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. నా అసలు పని ఇంగ్లీషులో నివేదికలు రాయడం. అడవి నుంచి డిపోకు వచ్చే ప్రతి దుంగకూ కోసిన చివర శాఖ సుత్తితో ముద్ర కొడతారు. దాని జాతి, పొడవు, చుట్టుకొలత రిజిస్టరులో ఎక్కిస్తారు. రిజిస్టరులో ఉన్నవి నేల మీద ఉన్నాయా లేదా చూడటమే తనిఖీ. నాతోపాటు ఆ అడవి ముక్కకు కాపలా చూసే బీట్ ఆఫీసర్ వెంకన్న వచ్చాడు. అతను టేపుతో కొలిచి, సుద్దముక్కతో వరుస నంబరు వేసి, కేక వేయాలి. నేను గొడుగు కింద కూర్చుని రాసుకోవాలి. హోదా అంటే అదే.

డిపో వాచర్ పేరు పూనెం లక్ష్మయ్య. పద్నాలుగేళ్లుగా దినకూలీ. వరద నీళ్లు డిపోలోకి వచ్చిన మూడు రోజులూ ఇంటికి పోకుండా, దుంగల వరుసలను ఇనుప తాళ్లతో చెట్లకు కట్టి, ఒక్కటి కూడా ఏటి పాలు కానివ్వలేదు. అతన్ని పర్మనెంటు చేసే ఫైలు సరిగ్గా ఆ నెలలోనే మా డివిజన్ ఆఫీసరు బల్ల మీదికి చేరింది. అతని పేరు మీద ఒక్క మచ్చ కూడా ఉండరాదన్నది షరతు.

రిజిస్టరులో నూట నలభై దుంగలు ఉన్నాయి. పొద్దున మా లెక్కకు నూట నలభై నాలుగు తేలాయి. ఆ చివరిదాని దగ్గర వెంకన్న కాసేపు ఆగాడు. అది బురదలో సగం కూరుకుని ఉంది.

"సార్, దీనికి కోసిన మొదలు ఏ దిక్కూ లేదు. నంబరు ఏడ వెయ్యాలె?"

నడుమ వేయమన్నాను.

"జాతి ఏందని రాస్తరు మరి? బెరడంత గరుకు గరుకున్నది."

టేకు కానిదేదైనా మాకు ఇతర జాతే. అదే రాశాను. వెంకన్న దాని కిందుగా టేపు దూర్చి చుట్టుకొలత నూట పది సెంటీమీటర్లని కేక వేశాడు. పద్దెనిమిదేళ్లు అడవిలో తిరిగిన మనిషి దాన్ని పోల్చుకోలేకపోయాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. నేనైతే చూడగానే చెప్పేవాణ్ణి, గొడుగు అడ్డం వచ్చింది.

మధ్యాహ్నం మళ్లీ లెక్కపెడితే నూట నలభై మూడే ఉన్నాయి. లక్ష్మయ్య ఒడ్డు మీది ఇసుక మేట వైపు వేలు చూపించాడు. నూట నలభై నాలుగో దుంగ అక్కడ నోరు తెరుచుకుని ఎండ కాగుతోంది. వీపు మీద మా నంబరు చక్కగా కనబడుతోంది. ఏనుగు కొలతలు తీసినవాళ్లున్నారు, మొసలికి చొక్కా కొలతలు తీసింది మాత్రం మా డివిజనే.

అసలు కష్టం నివేదికతో వచ్చింది. మా డివిజన్ ఆఫీసరు కొత్తగా వచ్చినవారు, ఇంగ్లీషంటే ప్రాణం. నా మొదటి చిత్తుప్రతిలో 'డిఫరెన్స్' అనే మాట తొమ్మిదిసార్లు ఉందని ఎర్ర సిరాతో తొమ్మిది సున్నాలు చుట్టి పంపారు. ఒక పేజీలో ఒక మాట ఒక్కసారే రావాలట. నాకు రోషం వచ్చింది. పర్యాయపదాల నిఘంటువు ముందేసుకుని కొన్ని సున్నాలు చెరిపేసి, మిగతావాటిలో వేరియేషన్, డిస్పారిటీ, డిస్క్రిపెన్సీ, డీవియేషన్ నాటాను. పైకి చదువుకుంటే పెళ్లి మేళంలా ఉంది.

మర్నాడు ఆయన పిలిపించారు. పర్యాయపదాలంటే ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లను పనికి పంపడానికి ఆఫీసు జవాన్లు కావని చెప్పి, నిలబెట్టి పాఠం చెప్పారు. డిఫరెన్స్ ఉత్త తేడా, మంచిచెడ్డలు చెప్పదు. వేరియేషన్ అంటే ఒకటే వస్తువు పెరగడం తరగడం. తడి వెదురు ఎండితే బరువు తగ్గుతుంది, అందులో ఎవరి తప్పూ లేదు. డిస్పారిటీలో అన్యాయం వాసన ఉంటుంది. ఒకే పని చేసే ఇద్దరికి వేర్వేరు సౌకర్యాలుంటే వాడాలి. దుంగలకు వాడితే దుంగలు యూనియన్ పెట్టుకుంటాయి. సరిపోయి తీరవలసిన రెండు లెక్కలు సరిపోకపోతే డిస్క్రిపెన్సీ. ఆ మాట వెనకాలే మెమో నడిచి వస్తుంది. డీవియేషన్ అంటే గీసిన దారి నుంచి ఎవరో పక్కకు తప్పుకోవడం.

ఆ ఎవరో పేరు కావాలన్నారు. డిపోకు సంబంధించి కాగితం మీద ఉన్న పేరు ఒక్కటే. ఆయన లక్ష్మయ్య ఫైలు దొంతరలోంచి తీసి పక్కన పెట్టేశారు. మేళం కోసం నేను వాయించిన ఆ చివరి రెండు మాటలు పద్నాలుగేళ్ల చాకిరీ నెత్తిన పడ్డాయి.

తెల్లవారి మొదటి బస్సుకే లక్ష్మయ్య ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, నా మీద ఏమో రాసిండ్రంట గదా. నేనేం పోగొట్టిన?"

పోగొట్టలేదని, ఎక్కువ వచ్చాయని, లెక్కలో తేడా పడిందని చెప్పాను.

"తేడా ఏడున్నది? మనయి నూట నలభై. ముద్రలు చూసుకోండ్రి, నూట నలభై ఉన్నయి. కడమ మూడు ఏట్ల కొట్టుకొచ్చినయి, పోనీయక కట్టేసిన. వాటికి మన ముద్ర లేదు. గవి వేరే. పెండ్లికి చుట్టాలొస్తే రేషన్ కార్డుల ఎక్కిస్తమా?"

నాలుగోదాని సంగతేమిటన్నాను.

"గది నన్నడిగి రాలే, నన్నడిగి పోలే. నంబరు మీరే ఏసిండ్రు, మీరే తీసుకోండ్రి."

అతను వెళ్లాక నిఘంటువు తెరిస్తే 'డిస్టింక్ట్' అనే మాట కనబడింది. ఎంత తేడా అని కాదు, అసలు అది వేరేదని చెప్పే మాట. మూడో చిత్తుప్రతి అరపేజీకి మించలేదు. ముద్రలున్న స్టాకు నూట నలభై, రిజిస్టరుతో పూర్తిగా సరిపోయింది, డిస్క్రిపెన్సీ లేదు. ముద్ర లేని మూడు దుంగలు స్టాకుకు డిస్టింక్ట్. ఏట్లో కొట్టుకొచ్చిన కలపకు వేరే నిబంధన ఉంది. హక్కుదారులు వచ్చి తమ హక్కు రుజువు చేసుకోవాలని నోటీసు వేసి ఎదురుచూడాలి. వాటిని పోనివ్వకుండా ఆపినది వాచర్ లక్ష్మయ్య. పొద్దుటి లెక్కకూ మధ్యాహ్నపు లెక్కకూ మధ్య ఒక అంకె వేరియేషన్ ఉంది, సదరు వస్తువు తన కాళ్ల మీద తాను వెళ్లిపోయినందువల్ల.

ఆఫీసరు రెండుసార్లు చదివారు. చుట్టుకొలత తీసినవాడి వేళ్లు పదీ సరిపోయాయా అని మాత్రం అడిగి సంతకం పెట్టారు. పక్కన పెట్టిన ఫైలు ఆ సాయంత్రమే కదిలింది. దసరా లోపల లక్ష్మయ్యకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇంతే. తేడాను చెప్పే మాట వెతికే ముందు, ఆ రెండూ ఒకటిగా ఉండవలసినవేనా అని అడగాలి. ఉండనక్కరలేకపోతే అందులో తప్పు లేదు, తప్పును సూచించే మాట వాడకూడదు. నిఘంటువు తెరవడం ఆ తర్వాతి పని.

ఇక ఒట్టు సంగతి. మొసలి నిజం, లక్ష్మయ్య నిజం, తొమ్మిది ఎర్ర సున్నాలు నిజం. వెంకన్న అనే బీట్ ఆఫీసర్ మాత్రం మా డివిజన్‌లో ఎన్నడూ లేడు, ఆ రోజు నా దగ్గర గొడుగూ లేదు. టేపు పట్టింది నేనే.