ముందు నమ్మినవాడు బీరు పోయించాలి

మా వరెల్లా ఊళ్ళో ఉన్నది ఒకటే పబ్బు. అక్కడ వంట నాది. ఆ పబ్బులో ఓ కట్టుబాటు ఉంది. ఎవరేం చెప్పినా, ముందు నమ్మినవాడు అందరికీ బీరు పోయించాలి. అందుకని ఎవరూ ఏదీ నమ్మరు. ఆటపట్టించడాన్ని మావాళ్ళు కాలు లాగడం అంటారు. ఎవడైనా తడిసి ముద్దయి వచ్చి బయట వాన పడుతోందన్నా సరే, "ఈ కాలు లాగింది చాల్లే, రెండోది లాగు, దానికి గజ్జెలున్నాయి" అంటారు.

ఆల్విన్ గాలిమర పంపులు బాగుచేసేవాడు. వారమంతా బీడుల్లో ఒక్కడే తిరిగి, బుధవారం మనుషుల ముఖాలు చూడ్డానికి వచ్చేవాడు. అందరికంటే పెద్ద కోతలరాయుడు. భార్య నోలా పోయాక కోతలు ఇంకా ఎక్కువయ్యాయి. ఇంట్లో మాట్లాడ్డానికి ఎవరున్నారు మరి.

ఓ బుధవారం గ్లాసు ముట్టకుండా అన్నాడు. "శనివారం అందరూ మా ఇంటికి భోజనానికి రండి. గొర్రె తొడ కాలుస్తాను."

"నువ్వా? నీకు నీళ్ళు కాచడం వచ్చా?" అన్నాడు కోల్. గొర్రెల ఉన్ని కత్తిరించే పని అతనిది.

"నోలా పొయ్యి ఉందిగా. నిజంగానే రండ్రా."

"పందులకి రెక్కలు రానీ, వాటి మీదెక్కి వస్తాం. మా చెవిలో పువ్వులు పెట్టకు మామా."

అందరూ నవ్వారు. ఆల్విన్ కూడా నవ్వాడు. "ఏడింటికి" అన్నాడు, కాస్త మెల్లగా. శనివారం నాకు వంటగది వదిలే వీలుండదని అతనికి తెలుసు.

ఆదివారం నేను చర్చి హాలు ఊడుస్తుంటే అతని బండి వచ్చింది. బండి వెనక, అతను అడిగి తీసుకెళ్ళిన మా హాలు కుర్చీలు. అతనింట్లో ఉన్న కుర్చీలు రెండే.

"ఎవరొచ్చారు?" అనడిగాను.

"కుక్కొచ్చింది. సుబ్బరంగా తింది."

ఎవరూ కూర్చోని ఆ కుర్చీలని తడిగుడ్డతో తుడిచి మరీ సర్దాడు.

మళ్ళీ బుధవారం కోల్ అందుకున్నాడు. "ఏం మామా, తొడ బాగా కాలిందా?"

"ఏం తొడ? ఒక్కడైనా పడతాడనుకున్నా. గడుసోళ్ళురా మీరు."

బల్లలు చరిచి నవ్వారు. నేను చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాను. "నేను నమ్మాను. అందరికీ నా లెక్కలో పొయ్యండి" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ఆల్విన్ నా వంక చూడలేదు. "పోవే పిల్లా, ఇంకెవరికైనా చెప్పు" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతని బీరు నురగ తగ్గి అలాగే ఉండిపోయింది.

కోల్ ఆ గ్లాసు వంక చూశాడు.

"ఏడింటికి అన్నాడు కదూ" అన్నాడు.