ఇద్దరవ్వల ఫోటో

మెట్‌పల్లిలో మా పక్కింటి ఫోటో కాకా పోయిన వారం కన్నుమూశాడని నిర్మల్ బస్సులో ఎదురైన మా ఊరాయన చెప్పాడు. దిగాల్సిన చోట దిగడం మరిచిపోయాను. కాకా నాకు చుట్టమేమీ కాదు. కానీ ఆయన స్టూడియో లేకపోతే నాకు రెండిళ్లు ఉండేవి కావు, ఒకటే మిగిలేది.

నన్ను కన్న అవ్వది మెట్‌పల్లిలో మగ్గాల ఇల్లు. పిల్లల్లేని ఆమె అక్క నన్ను నాలుగేళ్లప్పుడు బోథ్‌లో తన ఇంటికి తీసుకుపోయి పెంచింది. మా దిక్కు అమ్మను అవ్వ అంటారు, ఇద్దరినీ అలాగే పిలిచేదాన్ని. రెండేళ్లకు కన్న అవ్వ నన్ను వెనక్కి అడిగింది, బోథ్ అవ్వ ఇవ్వనంది. అంతే, అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. ఎండాకాలం సెలవులకు నన్ను దింపడానికి వచ్చినా, మళ్లీ తీసుకుపోవడానికి వచ్చినా బోథ్ అవ్వ చెల్లెలింట్లో అడుగుపెట్టేది కాదు. కాకా స్టూడియోలో బెంచీ మీద కూర్చునేది.

కాకాకు తొందర తెలియదు. ఎవరొచ్చినా నీళ్లిచ్చి, "జర కూసోండ్రి, బస్సు దుమ్ము దిగినంక తీస్త" అనేవాడు. ఆయన దగ్గర ఒక నల్లకోటు ఉండేది. ఆ రోజుల్లో మా ఊళ్లో పెళ్లయిన సగంమంది ఫోటోల్లో ఆ కోటులోనే ఉంటారు. బక్కవాళ్లకు వెనక పిన్నీసులు పెట్టి బిగించేవాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు ఆయన్ని అడిగాను. "కాకా, ఇద్దరవ్వలతోని నాకొక ఫోటో గావాలె."

"ఒక్కతాన కూసుంటరా బిడ్డా వాళ్లు?"

"కూసోరు."

"అయితే కూసోకుండనే తీద్దాం."

నన్ను ఒక్కదాన్ని కూర్చోబెట్టి ఒకటి తీశాడు. నన్ను దింపడానికి వచ్చిన బోథ్ అవ్వను పక్క కుర్చీలో కూర్చోబెట్టి, నా ఒడి ఉండే చోట దిండు పెట్టి, దాని మీద చెయ్యి వెయ్యమన్నాడు. వారానికి కన్న అవ్వను పిలిచి రెండో పక్క కూర్చోబెట్టాడు. దిండు మాత్రం జరపలేదు. మూడు ఫోటోలనూ బ్లేడుతో కత్తిరించి ఒకటిగా అతికించబోతే, రెండు చేతులూ నా ఒడిలో ఒకే చోటికి వచ్చాయి. ఒకరి చెయ్యి ఇంకొకరి చేతి కిందికి పోక తప్పదు.

"ఎవల చెయ్యి మీద పెట్టాలె బిడ్డా?" అన్నాడు.

నేను ఏడ్చేశాను. ఎవరి పేరు చెప్పినా రెండో ఇల్లు నాది కాకుండా పోతుందనిపించింది.

"ఏడ్వకు. తప్పు నాది, నేనే సూస్కుంట."

రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో వేలునూ విడిగా కత్తిరించాడు. ఒకరి వేలు పక్కన ఇంకొకరి వేలు వచ్చేలా మార్చి మార్చి అతికించి, అతుకుల మీద పెన్సిలు దిద్ది, దాన్నే మళ్లీ ఫోటో తీశాడు. ఆ ఓపికకు నేను ఆయనకు ఏమీ ఇచ్చుకోలేదు. ఒక మంచి మాటైనా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

సెలవులు అయిపోయాక బోథ్ అవ్వ నాకోసం వచ్చింది. ఫోటో చేతికిస్తే వెలుతురులోకి తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"ఇందుల నా వేళ్లు ఏవి తమ్మీ?"

"నాకు గూడ గుర్తువడ్తలేదక్కా. ఇద్దరియి ఒక్క తీరుగనే ఉన్నయి."

అవ్వ తన చెయ్యి ఫోటో మీద పెట్టి ఒక్కో వేలూ ఆనించి చూసుకుంది. మేం ఎక్కాల్సిన బస్సు వచ్చి పోయింది. అవ్వ ఫోటోను కొంగులో చుట్టుకుని పక్కనే ఉన్న చెల్లెలింటి ముందుకు పోయి నిలబడింది. ఎవరినీ పిలవలేదు. లోపల కన్న అవ్వ మగ్గానికి నూలు కండెలు చుడుతున్న రాట్నం చప్పుడు ఆగింది.