పెట్టె మీద రాసిన వేగం

మా ఆవిడ ఇళ్ల నమూనాలు గీస్తుంది. కాగితం మీద కాదు, కంప్యూటర్లో. గోడలూ, కిటికీలూ, ఆ కిటికీల్లోంచి గచ్చు మీద పడే ఎండా అన్నీ గీస్తుంది. కోల్‌కతాలో ఒక ఆఫీసువాళ్లు పరీక్షగా ఒక ఇంటి నమూనా గీయమని ఇచ్చి, సోమవారానికి పంపమన్నారు. బాగుంటే ఝపటాపూర్లో మా ఇంట్లోనే కూర్చుని పనిచేసుకోవచ్చు. లేదంటే ఆఫీసుకే వచ్చి నేర్చుకోవాలన్నారు. అంటే రోజూ హౌరా లోకల్ రైల్లో పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు.

ఆ పని కోసం కంప్యూటర్ని నేనే స్వయంగా బిగించాను. మలంచా బజారులో విడిభాగాలు కొని తెచ్చాను. వాటిలో ర్యామ్, అంటే మెమరీ, ముక్కలు రెండున్నాయి. పెట్టె మీద వేగం ముప్పై ఆరు వందలని రాసుంది. తీరా పెట్టి చూస్తే ఇరవై ఒక్క వందల దగ్గరే నడుస్తోంది. ఇందులో లోపమేమీ లేదు. మనం సెట్టింగ్ మార్చేదాకా అది నెమ్మదిగానే నడుస్తుంది. ఆ నెమ్మదిలో కూడా మా ఆవిడ పనికి లోటేమీ లేదు. ఆ మాట ఆవిడే చెప్పింది. కానీ నాకు నిద్ర పట్టదే. కొన్న వేగం పెట్టెలోనే ఉండిపోతే ఎలా? నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

గురువారం పొద్దున్న సెట్టింగ్ మార్చి, ముప్పై ఆరు వందలకి పెంచేశాను. మెమరీని పరీక్షించే ప్రోగ్రాం ఒకటుంటుంది. తప్పు దొరికితే తెరమీద ఎర్ర గీత వేస్తుంది. దాన్ని అరగంట నడిపాను. ఒక్క గీత కూడా పడలేదు. "ఇక నడుపుకో" అని ఆవిడకి అప్పగించాను.

మధ్యాహ్నానికి ఆవిడ గీసిన ఇల్లు తెరుచుకోలేదు. సేవ్ చేసిన ఫైలు పాడైపోయింది. పొద్దుట్నుంచీ చేసిన మేడమెట్లు, వరండా అన్నీ పోయాయి.

"నానే ఏదో తప్పు నొక్కీసినాను" అంది ఆవిడ. కళ్లు తుడుచుకుని, ముందురోజు కాపీ తీసుకుని, మళ్లీ మొదలుపెట్టడానికి సిద్ధమైంది. ఆవిడ వంటింట్లోకి వెళ్లి వచ్చేలోగా నేను గప్‌చుప్‌గా వేగం తగ్గించేశాను. ఆవిడ పడుకున్నాక ఇంకోసారి పెంచి పరీక్ష నడిపితే, రెండు గంటలు దాటాక ఎర్ర గీతలు వరసగా దిగాయి. తప్పు నాదే. మళ్లీ తగ్గించి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. శుక్రవారం, శనివారం ఆవిడ ప్రతి పది నిమిషాలకీ సేవ్ చేసుకుంటూ, తెరుచుకుంటోందో లేదో చూసుకుంటూ పనిచేసింది.

ఆదివారం ఆవిడ గోల్‌బజార్ దగ్గరున్న అక్కగారింటికి వెళ్లింది. నేను కంప్యూటర్ పెట్టె విప్పాను. మా నాన్న కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆయన రైల్వేలో పట్టాల గ్యాంగులో పనిచేసి రిటైరయ్యాడు. జరిగింది ఆయనకి మాత్రం చెప్పాను.

"పెట్టి మీద రాసినాది సరే. లైను దానికి తగ్గట్టు ఉన్నాదేటి?" అన్నాడు.

ర్యామ్ గుచ్చడానికి వరసగా నాలుగు గాళ్లు ఉంటాయి. నేను ప్రాసెసర్ వైపు నుంచి ఒకటో గాడిలో, మూడో గాడిలో పెట్టాను. ఎందుకలా అంటే, మా రైల్వే ఇళ్లలో దేన్నైనా ఇంజిన్ దగ్గర్నుంచే లెక్కపెడతాం. పెళ్లి పంక్తిలో కూర్చున్నా "ఇంజిన్ నుంచి మూడో ఆకు" అంటాం. ప్రాసెసర్ ఇంజిన్ కదా, మొదటి బోగీ దాని వెనకే ఉండాలి. విడిభాగాలతో వచ్చిన కాగితం తీసి చదివేంత ఓపిక నాకు అప్పుడు లేదు. ఇప్పుడు తీసి చదివితే, రెండు ముక్కలే ఉంటే రెండో గాడిలో, నాలుగో గాడిలో పెట్టమని బొమ్మేసి మరీ ఉంది. చివరి గాడి ఖాళీగా ఉంటే సంకేతాలు అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చి గందరగోళం చేస్తాయట.

నాన్న చాలాసేపు నవ్వాడు. తర్వాత, ముక్కల్ని గాడి మార్చి పెట్టాక వేగం ఒకేసారి పెంచొద్దన్నాడు. "కొత్త పట్టా ఏసినాక మొదట బండిని ఇరవైలో పంపుతాం. బాగుంటే నలభై ఐదు. అప్పుడు గానీ నెమ్మదిగా పొమ్మనే బోర్డు తియ్యం. అరగంటకే ఫిట్ అని రాసిచ్చినోడివి నువ్వొక్కడివే."

అలాగే చేశాం. ఇరవై ఆరు వందలు, మూడు వేలు, ముప్పై రెండు వందలు. ఒక్కో మెట్టు దగ్గర పరీక్ష నడుస్తుంటే నాన్న కళ్లద్దాలు పెట్టుకుని తెర ముందు కాపలా ఉన్నాడు. మధ్యాహ్నం ముప్పై ఆరు వందలకి పెంచాం. సాయంత్రం దీపాలు పెట్టేవేళ వరకు ఒక్క ఎర్ర గీత పడలేదు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆ సంతోషంలోనే మొత్తం చెప్పేశాను, గురువారం సంగతితో సహా.

ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు.

"మూడు రోజులబట్టీ నాకు పనే రాదనుకుంటన్నాను" అంది. "అక్క కాడ కూడా అదే సెప్పి ఏడిసినాను."

నాన్న లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయాడు.

ఆవిడ కంప్యూటర్ వైపు చూసి అంది. "ఈ ఇల్లు పంపిందాకా తక్కువలోనే ఉంచు. మిషన్ని నమ్మినాను. నిన్నే ఇంకా నమ్మలేదు."

నేను వేగం తగ్గించాను. రోజంతా కూర్చుని సాధించిన పని అర నిమిషంలో పోయింది. అయినా నాకు బాధ అనిపించలేదు.

సోమవారం ఇల్లు పంపింది. ఇంట్లోంచే పనిచేయమని బుధవారం కబురొచ్చింది. నాన్న మిఠాయి తేవడానికి బయల్దేరాడు. ఆవిడ కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి, నన్ను పిలిచి పక్కన కూర్చోమంది. "ఏది నొక్కాలో సూపించు" అంది. చూపించాను. తనే నొక్కి ముప్పై ఆరు వందలకి పెంచుకుంది.