చదివి వినిపించాకే

మా బడిలో సోషల్ చెప్పిన మేడమ్ పోయారని నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. పొద్దున్నే బడి వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో, దానికి అతికించిన పూలదండ, కింద 'విద్యారంగానికి తీరని లోటు' అన్న మాట కనిపించాయి. పంపినదెవరా అని చూస్తే మా బడి కమిటీ పెద్దమనిషి. ఆ లోటు ఎప్పుడో తన చేతులతో చేసినవాడు.

ఆమెది కోస్తా వైపు. సుచిత్ర చౌరస్తా దగ్గర అపార్ట్‌మెంటులో ఉంటూ రోజూ బస్సులో జవహర్‌నగర్‌లోని మా బడికి వచ్చేవారు. పక్క గదిలో నేను తెలుగు చెప్పేవాణ్ణి. తరగతిలో ఫోన్ అంటే నాకు ఇప్పటికీ గిట్టదు. ఆమె మాత్రం పిల్లల చేత బ్లాగు రాయించారు.

"ఇదీ గోడపత్రికే మాస్టారూ, వీధే కాస్త పెద్దది" అనేవారు.

దానికి ఒకే నియమం. ఎవరి గురించి రాస్తే వాళ్ల ముందు కూర్చుని, చదివి వినిపించాకే పెట్టాలి. వినిపించే ధైర్యం లేనిది పెట్టకూడదు. కింద ఎవడైనా బూతులు రాస్తే, బూతు తీసేసి మిగిలింది బోర్డు మీద రాసేవారు. "ఇందులో విషయం ఏమైనా మిగిలిందా?" "లేదు మేడమ్!" అని పిల్లలు అరవగానే తుడిచేసేవారు. పత్రికల్లో పేజీలకు పేజీలు విమర్శలు రాసే మా పండితుల మీద ఆ డస్టర్ ప్రయోగించాలని నాకు చాలాసార్లు అనిపించింది.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తమ ఇళ్ల పక్కనున్న చెత్త డంపింగ్ యార్డు వాసన గురించి రాసింది. ఇంటికొచ్చిన చుట్టాలు మంచినీళ్లు కూడా తాగకుండా లేచిపోతారని రాసి, నియమం ప్రకారం తల్లికి వినిపించింది.

"మన ఇజ్జత్ తీస్తివి గదనే" అందట తల్లి. మళ్లీ తనే, "అబద్ధమైతే గాదు. పెట్టు" అందట.

అది చేతులు మారి ఊరంతా తిరిగింది. ఆ చుట్టుపక్కల పొలాలను ప్లాట్లు చేసి అమ్ముతున్న మా కమిటీ పెద్దమనిషి బడికి వచ్చాడు.

"ఏంది మేడమ్ గిది? వాసనొస్తదని నెట్ల బెడితే నా ప్లాట్లు ఎవడు కొంటడు? జల్దీ తీపియ్యుండ్రి."

"పిల్లలు పెట్టింది పిల్లలే తీయాలండీ. అబద్ధముంటే చెప్పండి, దిద్దుతారు."

ఆ అమ్మాయి లేచి నిలబడింది. "సార్, కూసోండ్రి. సదివి వినిపిస్త."

అతను కూర్చోలేదు. ఆ వారంలోనే మా హెడ్మాస్టరు ఆమె దగ్గర బ్లాగు పాస్‌వర్డు అడిగి తీసుకున్నారు. ఆయన జీవితంలో చూపించిన చురుకు అదొక్కటే. బ్లాగు మొత్తం చెరిపేశారు. వాళ్ల నానమ్మల గురించి, ఆటో నడిపే నాన్నల గురించి, చచ్చిపోయిన కుక్కపిల్ల గురించి పిల్లలు రాసుకున్నవన్నీ పోయాయి. తరగతిలో ఫోన్లు వాడిస్తోందని ఫిర్యాదు రాయించి, ఆమెను మేడ్చల్ అవతల ఇంకో బడికి పంపారు.

వెళ్లేరోజు స్టాఫ్‌రూములో ఆమె అన్న మాట నేను మరచిపోలేదు. "పిల్లలకి ఒక్కటి చెప్పలేకపోయాను మాస్టారూ, ఆ గోడ మనది కాదని." ఆ తర్వాత ఆమె ఏ బడిలోనూ బ్లాగు పెట్టలేదు. రోగం ఆమెను ఇప్పుడు తీసుకుపోయింది. బతుకులో ముఖ్యమైనదాన్ని మనవాళ్లు అంతకుముందే తీసేసుకున్నారు.

అపార్ట్‌మెంటు సెల్లారులో, కార్లు జరిపిన చోట, ఆమెను ఐసు పెట్టెలో ఉంచారు. పెద్దమనిషి నిలువెత్తు దండతో వచ్చి, ఫొటో దిగి, వెళ్లిపోయాడు. గ్రూపులో అతని పోస్టు కింద దండాలు పెరుగుతూనే ఉన్నాయి. వాటిలో హెడ్మాస్టరుదీ ఉంది.

ఆనాటి అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఫోన్ తీసింది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అన్నాను.

"మేడమ్ మీద రాసిన సార్. వినిపియ్యాలె గద."

గొంతు తగ్గించకుండా మొదటి నుంచి చివరి దాకా చదివింది. చదవడం అయ్యాక, తరగతిలో లాగే, తలెత్తి ఆమె ముఖం వైపు చూస్తూ కూర్చుంది. పెట్టె అద్దం మీద చెమ్మ పట్టి ఉంది. చేతిలో ఫోన్ వెలుగు ఆరిపోయింది. అమ్మాయి ఇంకా చూస్తూనే ఉంది.